పచ్చళ్ళ వ్యాపారం పెంచేముందు: పెట్టిన రూపాయి ఎన్ని రోజులకు తిరిగొస్తోంది?

మీరు అడిగినదాని సారాంశం ముందు రాస్తాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీది తెనాలి. మీరు, మీ అత్తగారు కలిసి ఆరేళ్ళుగా పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతున్నారు. పోయినేడు అమ్మకం 38 లక్షలు. ఒక సూపర్‌మార్కెట్ల సంస్థ విజయవాడ, హైదరాబాద్‌లలోని తమ 20 షాపుల్లో మీ సరుకు పెడతామంటోంది. దానికోసం 25 లక్షలు లోన్ తీసి షెడ్డు వేయాలా, మీవారు ఉద్యోగం మానేయాలా, 10 లక్షలు ఇచ్చి సగం వాటా అడుగుతున్న మీ తమ్ముణ్ణి కలుపుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

మాది గుంటూరు. కారం, మసాలా పొడుల యూనిట్ పెట్టి 24 ఏళ్ళయింది. మీరు నిలబడ్డ చోట నేనూ నిలబడ్డాను, అప్పుడు తప్పు దారే పట్టాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

షెడ్డు, లోన్ తర్వాత చూద్దాం. ముందు మీ అరకిలో ఆవకాయ సీసా లెక్క వేద్దాం. ధర 250 అన్నారు. కాయ, కారం, ఆవపిండి, నువ్వుల నూనె, ఉప్పు అన్నీ కలిపి 110, సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె 22 అని మీరే రాశారు. మనుషుల కూలి దగ్గర సున్నా పెట్టారు. అమ్మా, అది సున్నా కాదు. పొద్దున నాలుగింటికి లేచి ముక్కలు తుడిచే మీ అత్తగారి చేతికి కూలి ఉంది, మీ చేతికీ ఉంది. రేపు ఆవిడకి మోకాళ్ళు నొప్పి చేస్తే ఆ పనికి మనిషిని పెట్టాలి, ఆ మనిషి ఊరికే రాదు. తక్కువలో తక్కువ సీసాకి 18 వేసుకోండి. ఖర్చు 150 అయింది. ఇంటి దగ్గర అమ్మితే వంద మిగులుతోంది. బాగుంది.

ఇదే సీసా సూపర్‌మార్కెట్‌కి ఇస్తే చూడండి. వాళ్ళు 30 శాతం అడుగుతున్నారన్నారు, అంటే సీసాకి 75. మీరు బిల్లు వేసేది 175కి. అందులో 5 శాతం జీఎస్టీ తీస్తే మీకు వచ్చేది 166 రూపాయల 67 పైసలు. 150 ఖర్చు పోగా 16 రూపాయల 67 పైసలు. బండి కిరాయి సీసాకి 5 రూపాయలు. వందలో నాలుగు సీసాలు నూనె కారిందనో, గడువు దగ్గరపడిందనో వెనక్కి వస్తాయి, ఆ నష్టం అన్ని సీసాల మీద పంచితే ఒక్కోదానికి 6 రూపాయల 67 పైసలు. చివరికి చేతిలో 5 రూపాయలు. సీసాల మీద మీరు కట్టిన జీఎస్టీలో కొంత తిరిగొస్తుంది, లెక్క తేలిగ్గా ఉండాలని దాన్ని పక్కన పెట్టాను. ఆ సూపర్‌మార్కెట్ వాళ్ళు మీ సరుకు చేర్చుకోవడానికి విడిగా రుసుము, అలమరలో ఎదురుగా పెట్టడానికి ఇంకో రుసుము అడిగితే ఆ 5 కూడా ఉండదు.

ఇంతవరకు లాభం లెక్క. అసలు కొంప ముంచేది దీని తర్వాత వచ్చేది, రోజుల లెక్క.

నెలకి 3 లక్షల బిల్లులు పంపారనుకోండి. 60 రోజులకి డబ్బు ఇస్తామంటారు. బిల్లు సరిచూడటం, సరుకు అందిన కాగితం మీద సంతకం, వాపసు సరుకు కోత, అన్నీ అయ్యేసరికి నా అనుభవంలో 90 రోజులు పట్టింది. అంటే ఎప్పుడు చూసినా 9 లక్షల మీ బిల్లులు వాళ్ళ దగ్గరే ఉంటాయి. అందులో మీ చేతి నుంచి పోయిన డబ్బు, మీరు ముందే కట్టేసిన జీఎస్టీతో కలిపి, 8 లక్షలు. బ్యాంకు వడ్డీ నూటికి రూపాయి చొప్పున వేసుకున్నా నెలకి 8 వేలు. ఆ 3 లక్షల అమ్మకంలో మీకు మిగిలేది ఎంత? 1,714 సీసాలు, సీసాకి 5, అంటే 8,570. నెలంతా ఇద్దరు ఆడవాళ్ళు నడుం విరిగేలా పనిచేసి 8 వేలు బ్యాంకుకి కట్టి, మీ కూలి పోను 570 రూపాయలు లాభంగా తెచ్చుకుంటారు. దీన్ని ఎదుగుదల అని నేను అనలేను.

ఇంకా ఇందులో ఆవకాయకున్న అసలు కష్టం కలపలేదు. కాయ మే నెలలో వస్తుంది, రోహిణి కార్తె దాటితే పచ్చడికి పనికొచ్చే కాయ దొరకడం కష్టం. ఏడాది పొడుగునా అమ్మే సరుకంతా మూడు నాలుగు వారాల్లో కొని, కొట్టించి, కలిపి జాడీలకెత్తాలి. మేలో పెట్టిన రూపాయి సగటున నవంబరులో సీసాగా బయటికి పోతుంది. సూపర్‌మార్కెట్ 90 రోజుల తర్వాత ఇస్తే ఫిబ్రవరిలో మీకు చేరుతుంది. తొమ్మిది నెలలు! అదే మీ కందిపొడి చూడండి. పప్పు సోమవారం కొంటారు, బుధవారం వేయించి పట్టిస్తారు, పదిహేను రోజుల్లో అమ్ముడుపోతుంది. రూపాయి మూడు వారాల్లో ఇంటికొచ్చి మళ్ళీ పనికి పోతుంది. ఏడాదిలో ఆవకాయ రూపాయి ఒక్కసారి తిరిగితే పొడి రూపాయి పదిహేడు సార్లు తిరుగుతుంది. ఒక్కోసారి మిగిలేది తక్కువైనా సరే, మీ సొంత డబ్బుతో పెరగగలిగేది పొడులతోనే. మీ పేరు ఆవకాయ వల్ల వచ్చింది, నిజమే. పేరు ఆవకాయ నిలబెడుతుంది, ఇల్లు పొడులు నిలబెడతాయి.

నా సంగతి చెప్తాను. 2012లో ఒక పెద్ద దుకాణాల సంస్థ 14 షాపుల్లో మా కారం పెడతామంది. మా ఆయన, నేను రాత్రంతా నిద్రపోలేదు, అంత సంతోషం. బ్యాంకులో మాకు క్యాష్ క్రెడిట్, అంటే సరుకు కొనడానికి తీసుకుని అమ్మాక తిరిగి కట్టే అప్పు ఖాతా, ఉండేది. కొత్త కారం పట్టే మిషను, వెనక షెడ్డు, రెండూ ఆ క్యాష్ క్రెడిట్ డబ్బుతోనే వేసేశాం. అది మిరపకాయ కొనడానికిచ్చిన డబ్బు. ఫిబ్రవరిలో మిర్చి యార్డుకి కొత్త కాయ వచ్చేసరికి కొనడానికి చేతిలో పైసా లేదు. ఇటు ఎనిమిది నెలల్లో ఆ సంస్థ దగ్గర 11 లక్షలు ఆగిపోయాయి. బ్యాంకు ఏమో 90 రోజులు దాటిన బాకీలని లెక్కలోకి తీసుకోనని మా డ్రాయింగ్ పవర్, అంటే ఆ ఖాతాలోంచి తీసుకోగలిగే పరిమితి, తగ్గించేసింది. అదే సమయంలో షాపుల్లో లైట్ల కింద రంగు వెలిసిన ప్యాకెట్లు ఒక వ్యానుడు వెనక్కి వచ్చాయి, వాటి డబ్బు కోసేసుకున్నారు. నా గాజులు, మా అమ్మ ఇచ్చిన కాసులపేరు అప్పుడే పోయాయి. ఆ బాకీ పూర్తిగా వసూలవడానికి రెండేళ్ళు పట్టింది. అమ్మకం లేక కాదు మేము దెబ్బతిన్నది. అమ్మకం మా డబ్బుకి మించి పెరిగి దెబ్బతిన్నాం.

అందుకే లోన్ గురించి ఒక్కటి గట్టిగా చెప్తాను. షెడ్డుకి, మిషనుకి టర్మ్ లోన్ తీసుకోండి, అది నాలుగైదేళ్ళలో తీరుతుంది. సరుకు కొనడానికి క్యాష్ క్రెడిట్. ఒకదాని డబ్బు ఇంకోదానికి వాడొద్దు, ఒక్క నెలకైనా వాడొద్దు. చిన్న ఆహార యూనిట్లకి 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చు మీద 35 శాతం, 10 లక్షలు మించకుండా, రాయితీ పెట్టారు. అయితే ఆ రాయితీ మీ చేతికి రాదు. బ్యాంకులో మీ పేరున విడిగా ఉంచి, మూడేళ్ళు వాయిదాలు సక్రమంగా కడితే అప్పులో జమ చేస్తారు. రాయితీ వస్తుంది కదా అని పెద్ద షెడ్డు గీయించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ముందు మొత్తం అప్పుకీ మీరే వాయిదా కట్టగలరా అని చూసుకోండి. పథకం ఇప్పుడు నడుస్తోందో లేదో, గడువు, దరఖాస్తు సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో నేరుగా అడగండి, మధ్యవర్తికి డబ్బులిచ్చి కాదు. తాకట్టు అడిగితే, చిన్న యూనిట్ల అప్పుకి ప్రభుత్వ నిధి హామీ ఉండే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ కింద ఇవ్వమని మేనేజరుని అడగండి, 10 లక్షల లోపు లోన్‌కి చిన్న యూనిట్ల దగ్గర తాకట్టు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నియమమే ఉంది.

మీకు 25 లక్షల షెడ్డు ఇప్పుడు అక్కర్లేదని నా అభిప్రాయం. పొడులకి ఒక మంచి వేయించే రోస్టరు, పొడి కొట్టే పల్వరైజరు, సీలింగ్ మిషను, అద్దెకి ఒక గాలి ఆడే హాలు చాలు. అందులో మూడో వంతు డబ్బు కూడా పట్టదు.

సూపర్‌మార్కెట్‌ని వద్దనమని కాదు. 20 షాపులు కాదు, విజయవాడలో మూడు షాపులు ఇవ్వమనండి. సరుకు కూడా ఆరు రకాలే, అందులో నాలుగు పొడులు. డబ్బు గడువు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. ఇక్కడ మీ చేతిలో ఒక ఆయుధం ఉంది, చాలామందికి తెలియదు. ఉద్యం, అంటే చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్, చేయించుకోండి, పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే పది నిమిషాల పని. దాన్ని చూపించి వేలు అడిగే వెబ్‌సైట్ల జోలికి పోకండి. ఉద్యం ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకి, 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి బాకీ ఉంచకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇంకోటి, 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన మార్పు. ఆ గడువు దాటి మీకు బాకీ పెట్టి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఇవ్వకపోతే ఆ మొత్తాన్ని వాళ్ళు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, దాని మీద ఆదాయపు పన్ను కట్టాలి. ఈ రెండో దానికి పెద్ద సంస్థల అకౌంట్స్ వాళ్ళు నిజంగా భయపడతారు. మా బిల్లు మీద ఉద్యం నంబరు అచ్చువేయడం మొదలెట్టాక డబ్బు గడువులోపే రావడం నా కళ్ళతో చూశాను. ఫిర్యాదుకి సమాధాన్ పోర్టల్ ఉంది కానీ అక్కడిదాకా వెళ్ళారంటే ఆ ఖాతాతో వ్యాపారం అయిపోయినట్టే. ఈ చట్టాన్ని గొడవ వచ్చాక కాదు, ఒప్పందం రాసుకునే రోజు బల్ల మీద పెట్టండి. 45 రోజులకి ఒప్పుకోని సంస్థ, రేపు 90 రోజులకి కూడా ఇవ్వదు.

జీఎస్టీ సంగతి తొందరగా సరిచేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల అమ్మకం వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మీకెవరో చెప్పారు. అది రాష్ట్రం లోపల అమ్మితే. మీరు హైదరాబాద్, బెంగళూరు పార్శిళ్ళు పంపుతున్నారు. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాద్ మనకి వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రానికి పన్ను పడే సరుకు ఒక్క సీసా అమ్మినా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారులకున్న కాంపోజిషన్ పద్ధతిలో అమ్మకం మీద ఒక శాతం కట్టేస్తే సరిపోతుందని కూడా కొందరంటారు, కానీ కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. మామూలు రిజిస్ట్రేషనే తీసుకోండి. పచ్చళ్ళ మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 అయింది, మీ ధరలో అది మరీ బరువు కాదు. ఈ వారమే ఒక ఆడిటర్‌ని కలవండి, పాత పార్శిళ్ళ సంగతి కూడా దాచకుండా చెప్పండి. అమెరికాలో ఉన్న మీ చుట్టాలు, వాళ్ళ స్నేహితుల ఆర్డర్లని ఎగుమతిగా లెక్కేసి ఆశ పెంచుకోకండి. 800 డాలర్ల లోపు పార్శిళ్ళకి అక్కడ ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు చివర్లో తీసేశారు, ఆ ఆర్డర్ల ఖర్చు పూర్తిగా మారిపోయింది.

మరి ఎక్కడ పెరగాలి? మీ ఊళ్ళోనే చూడండి. తెనాలి, గుంటూరు, విజయవాడల్లో ఎన్ని టిఫిన్ సెంటర్లున్నాయో ఒకసారి పొద్దున్నే తిరిగి లెక్కపెట్టండి. ప్రతివాళ్ళకీ ఇడ్లీ మీదకి కారప్పొడి, దోసె మీదకి నల్లకారం కావాలి. ఐదు కిలోల కవర్లలో, లేబుల్ హంగులు లేకుండా, ఎప్పుడూ ఒకే రుచిలో ఇచ్చేవాళ్ళు వాళ్ళకి దొరకడం లేదు. టిఫిన్ సెంటరుకి రోజూ గల్లాపెట్టె నిండుతుంది, వారం వారం డబ్బు ఇస్తారు. కర్రీ పాయింట్లు కూడా అంతే, వాళ్ళు గోంగూర పచ్చడి బాగా తీసుకుంటారు. కాలేజీ హాస్టళ్ళ ఆర్డర్లు పెద్దవి, చూస్తే నోరూరుతుంది. కానీ డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేం, మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు. నేను 2014లో మళ్ళీ నిలబడింది 40 టిఫిన్ సెంటర్ల మీదే. కిలోకి మిగిలేది సూపర్‌మార్కెట్ కంటే మరీ ఎక్కువేం కాదు. కానీ శనివారం ఇచ్చిన సరుకు డబ్బు మళ్ళీ శనివారానికి నా చేతిలో ఉండేది.

ఆవకాయకి వేరే దారి. ఆరేళ్ళుగా మీ దగ్గర కొంటున్నవాళ్ళ ఫోన్ నంబర్లు మీ దగ్గరున్నాయి. ఉగాది తర్వాత అందరికీ ఒక మాట చెప్పండి: ఈ ఏడాది కొత్త ఆవకాయకి సగం డబ్బు ఇప్పుడిస్తే ఇదీ ధర, జూన్‌లో అడిగితే ఇదీ ధర అని. ముందే ఇచ్చేవాళ్ళు మీరనుకున్నదాని కంటే ఎక్కువమంది ఉంటారు. ఇంటి పచ్చడికి మనవాళ్ళు ఇచ్చే విలువ అలాంటిది. ఆ డబ్బుతో కాయ కొనండి. అడ్వాన్సు వచ్చినంత, దాని మీద ఇంకో సగం, అంతవరకే పెట్టండి. అప్పు చేసి జాడీలు నింపొద్దు. సరుకు నిల్వ అంటే పందెం. మా మిరపకాయే చూడండి. 2023లో క్వింటా ఇరవై వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే ధర పడినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. పై ధరలో అప్పు చేసి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, పెట్టినవాళ్ళు, ఆ అప్పుకి వడ్డీ, స్టోరేజీకి అద్దె కడుతూ సగం ధరకి అమ్ముకోవాల్సి వచ్చింది.

ధర కూడా పెంచండి. మీ కరివేపాకు పొడి ధర మూడేళ్ళుగా మార్చలేదని రాశారు. కొనేవాళ్ళు పోతారని భయం, నాకు తెలుసు, నాకూ ఉండేది. 20 రూపాయలు పెంచి చూడండి. పదిమందిలో ఒకరు పోయినా మీకు మిగిలేది ఇప్పటికంటే ఎక్కువే ఉంటుంది, పని తగ్గుతుంది.

31 రకాలు చేస్తున్నారు. ఒక కాగితం తీసుకుని పోయినేడు ఏది ఎంత అమ్మిందో, ఏది ఎన్ని రోజులు అటక మీద కూర్చుందో రాయండి. ఏడెనిమిది రకాలే అమ్మకంలో ముప్పాతిక వంతు తెస్తూ ఉంటాయి, నేను లెక్క చూసిన ప్రతి ఇంటి యూనిట్‌లోనూ ఇదే తేలింది. మిగతావాటిలో పదిహేను ఆపేయండి. మీ అత్తగారికి ఇష్టమైన ఉసిరికాయ తొక్కు ఆపమంటే ఆవిడ బాధపడతారు. దాన్ని ఉంచండి. అన్నీ లెక్కతోనే తేల్చలేం.

ఆవిడ చేతి కొలత మాత్రం కాగితం మీదకి రావాల్సిందే. ఇదొక్కటి చేయకపోతే పైన చెప్పిందంతా వృథా. దోసిళ్ళు, గిద్దెలు, కంటి అంచనా, ఇవన్నీ ఆవిడ ఉన్నంతవరకే. ఆవిడ పక్కన త్రాసు పెట్టుకుని కూర్చోండి. ఆవిడ వేసే ప్రతి దోసిలినీ ముందు తూచి రాసుకుని అప్పుడు గిన్నెలో వేయనివ్వండి. ఐదారు సార్లు రాస్తే సగటు తెలుస్తుంది. కాయ పులుపుని బట్టి ఆవిడ ఉప్పు ఎలా మారుస్తారో, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఏం చూస్తారో, నూనె ఎంత పైకి తేలితే సరే అంటారో, ఆ మాటలు ఆవిడ నోటి మాటల్లోనే రాయండి. ప్రతి కలుపుకి తేదీ, బ్యాచ్ నంబరు, కారం ఏ కొట్టుదో, మిరపకాయ తేజ రకమా 334 రకమా, పుస్తకంలో ఎక్కించండి. ఒక సీసా బూజు పట్టి వెనక్కి వస్తే ఆ బ్యాచ్‌లో మిగతావి ఎక్కడున్నాయో గంటలో తెలియాలి. మనం అమ్మేది పిల్లలు తినే వస్తువు.

పేరు కూడా రిజిస్టర్ చేయించండి. మీ సీసా మీద ఉన్న పేరు రేపు ఇంకొకరు పెట్టుకుంటే మీరే మార్చుకోవాల్సి వస్తుంది. ట్రేడ్‌మార్క్‌కి ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఒక్కో తరగతికి 4,500 రుసుము. పచ్చళ్ళు 29వ తరగతి, మసాలా పొడులు 30. రెండింటిలోనూ వేయండి.

తమ్ముడి డబ్బు. ఇది రాయడానికి చెయ్యి ఆడటం లేదు, ఎందుకంటే ఇలాంటి 10 లక్షలు మా పుట్టింటికి, మాకు ఏడేళ్ళు మాటల్లేకుండా చేశాయి. 10 లక్షలకి సగం వాటా అంటే మీ ఆరేళ్ళ కష్టం, మీ అత్తగారి చెయ్యి, ఆ కొనేవాళ్ళ నమ్మకం, అన్నీ కలిపి విలువ 10 లక్షలేనని ఒప్పుకున్నట్టు. ప్రేమగా వద్దనండి. అతనికి నిజంగా సాయం చేయాలనుంటే అప్పుగా ఇవ్వమనండి, బ్యాంకు ద్వారా, నోటు రాసి, బ్యాంకు వడ్డీకే, రెండేళ్ళ గడువుకి. భాగస్వామిగానే ఉంటానంటే అతను ఏం పని చేస్తాడో, నెలకి ఎంత తీసుకుంటాడో, విడిపోతే వాటా ఎలా లెక్కగడతారో ముందే డీడ్‌లో రాయించి రిజిస్టర్ చేయించండి. ఆ కాగితం రాయడానికే మొహమాటపడే చుట్టరికంలో డబ్బు కలపొద్దు.

మీవారి ఉద్యోగం ఇప్పుడే మానొద్దని నా మాట. వ్యాపారానికి విడిగా కరెంట్ అకౌంట్ తెరవండి. అందులోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున మీకు 15 వేలు, మీ అత్తగారికి 10 వేలు జీతంగా మీ సేవింగ్స్ ఖాతాల్లోకి పంపండి. మిగతా ఇంటి ఖర్చు దేనికీ ఆ అకౌంట్ ముట్టుకోవద్దు, ఫీజులకి కూడా. అలా వరసగా పన్నెండు నెలలు, మే నెల కాయ కొనుగోలు కూడా దాటి, జీతాలు ఆగకుండా నడిచాయంటే అప్పుడు మీవారి జీతం కూడా అందులోంచి వస్తుందేమో చూద్దాం. ఈలోగా ఆయన ఆదివారాలు టిఫిన్ సెంటర్ల వసూళ్ళు చూడొచ్చు, పద్దులు రాయొచ్చు.

మీరు సూపర్‌మార్కెట్ వాళ్ళకి జవాబు చెప్పడానికి పది రోజులు గడువుందన్నారు. ఈలోగా ఎక్కువ అమ్ముడుపోయే ఎనిమిది రకాలకీ నేను పైన ఆవకాయకి వేసినట్టే సీసా లెక్క, దాని పక్కనే రూపాయి తిరిగొచ్చే రోజులు రాసి ఇక్కడే పెట్టండి. అత్తగారి కూలి కలపడం మర్చిపోకండి. ఆ మూడు షాపులకి ఏ ఆరు రకాలు ఇవ్వాలో కలిసి చూద్దాం.